చప్పుడును కొలిచిన ఆచార్యుడు: సూరి భగవంతం

సావనీరుకు ఎవరైనా శాస్త్రజ్ఞుని జీవితం రాసివ్వమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. రామన్ గురించి, ఐన్‌స్టీన్ గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నేను డాక్టర్ సూరి భగవంతం గారిని ఎన్నుకున్నాను. ఆయన మన ఉస్మానియాకు ఉపకులపతిగా ఉన్నారన్నది ఒక కారణం. అసలు కారణం మాత్రం మా నాయిన కాలు. భౌతికశాస్త్రం ఎమ్మెస్సీ చదువుకునే రోజుల్లో ఈ పేరు నాకు పాఠ్యపుస్తకంలోని ఒక పేరు మాత్రమే. మా ఇంట్లో ఒక కష్టం వచ్చాక గాని ఆయన ఏం చేశారో నాకు అర్థం కాలేదు. కాబట్టి కాలు సంగతి ముందు చెప్పి, ఆయన సంగతికి వస్తాను. పాఠకులు మన్నించాలి.

మాది మల్దకల్. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డలో, గద్వాల పక్కన, తిమ్మప్ప స్వామి గుడితో పేరుపడ్డ ఊరు. ఆదిశిలా క్షేత్రమని కూడా అంటారు. 2017 మార్గశిర మాసంలో తిమ్మప్ప జాతర చూసుకుని ట్రాక్టరు మీద వస్తూ మా నాయిన జారి కింద పడ్డడు. మోకాలి కింది పెద్ద బొక్క విరిగింది. పట్నంలో ఒక దవాఖానలో కట్టు కట్టిన్రు. మూడు నెలలన్నది ఆరయింది, ఆరు తొమ్మిదయింది. ఎక్స్‌రే తీసిన ప్రతిసారీ విరిగిన చోట అదే సన్న గీత. అప్పుడు రెండు దారులు మా ముందుకొచ్చినయి. ఒకటి, తుంటి ఎముక నుంచి కొంచెం తీసి విరిగిన చోట పెట్టే ఆపరేషన్. రెండోది, ఒక చిన్న పెట్టె. చెవికి వినబడని చప్పుడును రోజుకు ఇరవై నిమిషాలు కాలి మీద పెడితే, లోపలి కణాలు మేలుకుని ఎముకను అతుకుతాయని దాన్ని అమ్మే మనిషి చెప్పిండు. దాని ధర విని మా అమ్మ కూలబడ్డది. ఆ ఏడు వేరుశనగ అమ్మితే వచ్చిన పైసలన్నీ పెట్టినా సరిపోయేవి కావు.

నాయినకు ధర కన్నా సంగతి మీదనే అనుమానం. చప్పుడుకు బొక్కలు అతుకుతయా అని నన్ను అడిగిండు. ఇంట్లో సైన్సు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆపరేషనా, పెట్టెనా అన్నది నా జవాబు మీద ఆధారపడి ఉంది. నాకు జవాబు తెలియలేదు. సిగ్గుపడి గ్రంథాలయానికి వెళ్ళాను. అతిధ్వనుల మీద పుస్తకం తెరిస్తే, నాలుగు పుటలు తిరగకముందే ఒక తెలుగు పేరు కనబడింది.

అగిరిపల్లి నుంచి కలకత్తా దాకా

సూరి భగవంతం 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లా అగిరిపల్లిలో జన్మించారు. బడి చదువు గుడివాడలో సాగింది. అక్కడి నుంచి నిజాం రాజ్యానికి వచ్చి హైదరాబాదు నిజాం కళాశాలలో బి.ఎస్సీ. చదివారు. ఆ రోజుల్లో నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. ఎం.ఎస్సీ. పట్టా కూడా ఆయనకు మద్రాసు నుంచే వచ్చింది.

1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ ఫలితం వెలువడింది. దేశంలో భౌతికశాస్త్రం చదివే ప్రతి కుర్రవాడి చూపూ ఆ ఊరి వైపు తిరిగిన సంవత్సరం అది. భగవంతం ఆ ఏడే కలకత్తా చేరి, ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో రామన్ దగ్గర పనికి కుదిరారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు నిండలేదు. మూడేళ్ళ తర్వాత, 1931లో, వెలుగు కణమైన ఫోటానుకు ఆత్మభ్రమణం ఉందని చూపే ప్రయోగాన్ని గురుశిష్యులిద్దరూ కలిసి ప్రకటించారు. ఆ వయసులో మనలో చాలామందిమి హాల్ టికెట్టు కోసం వరసలో నిలబడి ఉంటాం. నన్ను నేను కూడా కలుపుకునే ఈ మాట అంటున్నాను.

1932లో ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరారు. ఆ విశ్వవిద్యాలయం పుట్టి అప్పటికి ఆరేళ్ళు. ఉపకులపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. వాల్తేరు కొండ మీద కొత్త శాఖలు ఒకటొకటిగా లేస్తున్నాయి. ముప్ఫై ఏళ్ళు రాకముందే భగవంతం అక్కడ ఆచార్యులయ్యారు. కాంతి పరిక్షేపణ మీద, రామన్ ఫలితం మీద ఆయన రాసిన గ్రంథం 1940లో వెలువడింది. కాని మా నాయిన అడిగిన ప్రశ్నకు సంబంధించింది ఆయన చేపట్టిన మరో పని. అది చెవికి అందని చప్పుడును కొలిచే పని.

చప్పుడును కంటితో చూడడం

మన చెవి సెకనుకు 20,000 కంపనాల వరకు వింటుంది. అంతకు మించినవి అతిధ్వనులు. వాటిని పుట్టించే ఉపాయం 1880లో క్యూరీ సోదరులు కనుక్కున్న పీడన విద్యుత్తులో ఉంది. క్వార్ట్జ్ వంటి స్ఫటికాన్ని నొక్కితే దాని ముఖాల మీద విద్యుదావేశం పుడుతుంది. తిరగేసి విద్యుత్తు ఇస్తే స్ఫటికం సాగి ముడుచుకుంటుంది. ఒక మిల్లీమీటరు మందం గల క్వార్ట్జ్ పలకకు సరియైన విద్యుత్ కంపనం అందిస్తే అది సెకనుకు సుమారు 28 లక్షల సార్లు కొట్టుకుంటుంది. పెద్ద గంటకు బొంగురు స్వరం, చిన్న గంటకు కీచు స్వరం ఉన్నట్టే, పలక పలచబడ్డకొద్దీ కంపనాల సంఖ్య పెరుగుతుంది.

వినబడని చప్పుడు ఉందని తెలిసేది ఎట్లా? 1932లో అమెరికాలో డిబై, సియర్స్ ఒక పక్కనా, ఫ్రాన్సులో లూకాస్, బికార్ మరో పక్కనా ఒకే సంగతి చూశారు. ద్రవంలో అతిధ్వని పోతున్నప్పుడు అది ఒకచోట చిక్కబడి, ఒకచోట పలచబడి, జాలీ గడిలాగ తయారవుతుంది. దాని గుండా వెలుగు పంపితే ఒక చుక్కగా రావలసిన వెలుగు వరసగా అనేక చుక్కలుగా విడిపోతుంది. చుక్కల మధ్య దూరం కొలిస్తే ధ్వని తరంగదైర్ఘ్యం తెలుస్తుంది. దాన్ని కంపనాల సంఖ్యతో గుణిస్తే వేగం తెలుస్తుంది. ఈ చుక్కల కాంతి ఎందుకు అట్లా హెచ్చుతగ్గులవుతుందో 1935, 36 సంవత్సరాల్లో బెంగుళూరులో రామన్, నగేంద్రనాథ్ గణితంతో వివరించారు. ఇప్పటికీ ప్రపంచమంతా అది రామన్-నాథ్ సిద్ధాంతమే.

భగవంతం ఈ చుక్కలను ఒక పనిముట్టుగా మార్చారు. స్ఫటికం ఎంత గట్టిదో, ఏ దిక్కున నొక్కితే ఎంత లొంగుతుందో చెప్పే అంకెలను స్థితిస్థాపక స్థిరాంకాలంటారు. వాటిని కొలవాలంటే స్ఫటికంలో ధ్వని వేగం తెలియాలి. భగవంతం, ఆయన శిష్యుడు భీమసేనాచార్ 1944లో ప్రకటించిన పద్ధతి ఎంత సులువైనదంటే, చదివినప్పుడు ఇది నాకెందుకు తట్టలేదనిపిస్తుంది. సమానమైన మందం గల క్వార్ట్జ్ పలకకు బదులు, ఒక కొస దళసరిగా, మరో కొస పలచగా ఉండే చీలిక తీసుకున్నారు. మన వడ్రంగి బిగించే మేకు లాంటి ఆకారం. అందులో ఒక్కోచోట ఒక్కో మందం. కాబట్టి ఏ కంపనం ఇచ్చినా చీలికలో ఏదో ఒక చోటు పలుకుతుంది. ఒకే క్వార్ట్జ్ ముక్కతో ఎన్నో స్వరాలు! దాని దారిలో పరీక్షించదలచిన స్ఫటికపు చిన్న పలకను పెట్టి, అవతలి ద్రవంలో వెలుగు చుక్కలను గమనిస్తారు. కంపనాలను మార్చుకుంటూ పోతే కొన్ని చోట్ల చుక్కలు జిగేలుమంటాయి. పలక మందం ధ్వని తరంగంలో సగానికి సరిగ్గా ఇన్ని రెట్లు అయినప్పుడే పలక ధ్వనిని ధారాళంగా పోనిస్తుంది. మందం తెలుసు, కంపనం తెలుసు, వేగం దొరికినట్టే.

ఆ రోజులు ఎటువంటివో గుర్తుంచుకోవాలి. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది. విదేశాల నుంచి పరికరాలు రావడం గగనమైన యుద్ధకాలం. అటువంటప్పుడు ఒక క్వార్ట్జ్ చీలిక, కొంచెం ద్రవం, ఒక దీపం, చుక్కలు లెక్కించే ఓపిక ప్రధానంగా పెట్టి ఒక తెలుగు ప్రయోగశాల లోకానికి కొత్త అంకెలు అందించింది.

వాటిలో వజ్రం అంకెలు ప్రసిద్ధమైనవి. వజ్రానికి స్థితిస్థాపక స్థిరాంకాలు మూడు. భగవంతం, భీమసేనాచార్ ఆ మూడూ కొలిచి 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. పదకొండేళ్ళకు, 1957లో, అమెరికా బెల్ ప్రయోగశాలలో మెక్‌స్కిమిన్, బాండ్ మెరుగైన సాధనాలతో మళ్ళీ కొలిచారు. మొదటి అంకె వీరికి 950 గిగాపాస్కల్ అయితే వారికి 1,076 వచ్చింది. మరో అంకె వీరికి 390, వారికి 125. అంటే ఒకటి సుమారు 12 శాతం తక్కువ, ఇంకొకటి మూడు రెట్లకు పైగా ఎక్కువ. నేడు పుస్తకాల్లో నిలిచింది రెండోసారి కొలిచిన అంకెలే.

ఈ సంగతి చదివినప్పుడు మొదట నాకు చిన్నతనం వేసింది. మనవాడి లెక్క తప్పిందే అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే సంగతి వేరుగా తోచింది. వాళ్ళు ఎట్లా కొలిచారో అరమరిక లేకుండా రాసిపెట్టారు గనుకనే, వెనక వచ్చినవాళ్ళు అదే కొలతను మళ్ళీ చేసి దిద్దగలిగారు. కొలత లేని మాటను దిద్దడం ఎవరి తరమూ కాదు. అమ్మే మనిషి మా నాయినతో అన్న మాట అటువంటిదే. కణాలు మేలుకుంటాయన్నాడు. ఎంత చప్పుడుకు, ఎన్నాళ్ళకు, నూటికి ఎంతమందికి అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

లెక్క ముందు, ప్రయోగం తర్వాత

భగవంతం గారి మరో ఘనత కాగితం మీదది. స్ఫటికం ఆకారంలో ఎంత సౌష్ఠవం ఉంటే, దాని గుణాలు చెప్పడానికి అంత తక్కువ అంకెలు చాలు. ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికానికి 21 స్థితిస్థాపక స్థిరాంకాలు కావాలి, క్వార్ట్జ్‌కు 6 చాలు, వజ్రానికి 3. సమూహ సిద్ధాంతమనే గణితంతో ఈ సంఖ్యలను ముందే లెక్కగట్టవచ్చు. స్ఫటికాలను నొక్కినప్పుడు వాటిలో వెలుగు నడక మారే తీరు గురించి 19వ శతాబ్దంలో జర్మను శాస్త్రజ్ఞుడు పోకెల్స్ ఒక పట్టిక ఇచ్చాడు. కొన్ని స్ఫటిక వర్గాలకు ఆ పట్టికలో లెక్క తప్పిందని 1942లో భగవంతం చూపారు. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతం మీద రాసిన గ్రంథాన్ని 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. స్ఫటిక సౌష్ఠవం మీద మరో గ్రంథం 1966లో వచ్చింది.

ఇదే లెక్క ప్రకారం 32 స్ఫటిక వర్గాల్లో 20 వర్గాలకే పీడన విద్యుత్తు ఉండగలదు. సౌష్ఠవ కేంద్రం ఉన్న దేనికీ ఉండదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, 1957లో జపానులో ఫుకాడా, యసుడా మన ఎముకలో కూడా పీడన విద్యుత్తు ఉందని కనుక్కున్నారు. ఎముకలోని కొల్లాజెన్ నారలు ఒకే దిక్కుగా తిరిగి అమరి ఉండడం వల్ల వచ్చిన గుణమది. క్వార్ట్జ్‌లో ఉన్న గుణమే, చాలా తక్కువ మోతాదులో, మా నాయిన కాలి బొక్కలోనూ ఉందన్నమాట! ఆ రాత్రి గ్రంథాలయం నుంచి నడిచి వస్తూ నాకు ఆనందం ఆగలేదు. ఊరికి ఫోను చేసి చెప్తే, మా నాయిన అంతా విని, మరి అతుకుతదా అతకదా అది చెప్పు అన్నడు.

పదవులు, ప్రజలు, చివరి రోజులు

1948, 49 ప్రాంతంలో భగవంతం లండనులో భారత హైకమిషన్‌కు సైన్సు అనుసంధాన అధికారిగా పనిచేశారు. తిరిగి వచ్చాక ఉస్మానియాలో ఆచార్యులుగా చేరి, 1952 నుంచి 1957 దాకా ఉపకులపతిగా ఉన్నారు. ఆ అయిదేళ్ళు ఈ నేలకు సామాన్యమైనవి కావు. ముల్కీ ఆందోళన నడిచింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఉర్దూ మాధ్యమంగా మొదలైన విశ్వవిద్యాలయం కొత్త రూపం దిద్దుకుంటున్న కాలమది. తాను పడుచుతనంలో నిజాం కళాశాల విద్యార్థిగా తిరిగిన ఊళ్ళోనే ఆయన ఈ బాధ్యత మోశారు.

1957లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా వెళ్ళి 1962 వరకు ఉన్నారు. ఆయన తర్వాత ఆ కుర్చీలోకి వచ్చినవారు సతీష్ ధావన్. 1961లో దౌలత్‌సింగ్ కొఠారీ తర్వాత రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారయ్యారు. 1962 చైనా యుద్ధం, 1965 పాకిస్తాన్ యుద్ధం ఆ పదవిలోనే చూశారు. 1969లో దిగిపోయారు.

ఒక సంగతి దాచిపెట్టి రాస్తే ఇది జీవిత చరిత్ర కాదు. ఆయన పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తులు. బాబా తెలుగు ఉపన్యాసాలను సభల్లో ఇంగ్లీషులోకి అనువదించి చెప్పేవారు. అంతటి కొలతల మనిషి అక్కడ నిలబడడం తోటి శాస్త్రజ్ఞులకు కొందరికి మింగుడు పడలేదు. తిమ్మప్పకు మొక్కుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, నేను తీర్పు చెప్పబోవడం లేదు. అయితే ఒకటి గమనించాను. ఆయన నమ్మకం ఆయన స్ఫటికాల అంకెల్లోకి రాలేదు. ఆ అంకెలు నమ్మినవాడూ, నమ్మనివాడూ ఒకే తీరుగా పరీక్షించుకోవచ్చు. 1989 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు.

కణాలకు చప్పుడు వినబడుతుందా?

ఇక నాయిన ప్రశ్నకు వస్తాను. భగవంతం గారు జీవకణాల మీద పని చేయలేదు. ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. అయినా ఈ రంగంలో నేడు ఎదురయ్యే చిక్కును చదువుతుంటే నాకు ఆయన క్వార్ట్జ్ చీలికే కనబడుతుంది.

దెబ్బతిన్న అవయవానికి బదులు కొత్త కణజాలాన్ని బయట పెంచి పెట్టాలన్నది కణజాల ఇంజనీరింగు ఆశయం. ఇల్లు కట్టేటప్పుడు పరంజా కట్టినట్టు, మెత్తని పదార్థంతో ఒక చట్రం కట్టి, అందులో కణాలు నాటి, పోషక ద్రవం పోసి పెంచుతారు. అయితే ఎముక కణమైనా, మృదులాస్థి కణమైనా ఊరికే తిని కూర్చుంటే గట్టి ఎముక తయారు కాదు. మనిషి నడిచినప్పుడు, బరువెత్తినప్పుడు పడే ఒత్తిడి వాటికి కావాలి. నెలల తరబడి మంచాన పడ్డవాడి ఎముకలు గుల్లబారేది అందుకే. గాజు గిన్నెలోని కణాన్ని నడిపించలేం గదా! అందుకని అతిధ్వనితో దాన్ని తట్టి చూస్తున్నారు.

వాడే మోతాదు చాలా చోట్ల ఇట్లా ఉంటుంది: సెకనుకు 15 లక్షల కంపనాలు, చదరపు సెంటీమీటరుకు 30 మిల్లీవాట్ల తీవ్రత, రోజుకు 20 నిమిషాలు. ధ్వని ఎడతెరిపి లేకుండా ఉండదు. సెకనుకు వెయ్యి సార్లు, ఒక్కోసారి 200 మైక్రోసెకన్ల చొప్పున, తుంపరలు తుంపరలుగా పడుతుంది. ఫిజియోథెరపీలో వేడి పుట్టించడానికి వాడేది ఒక వాటు, అంతకు పైన కూడా ఉంటుంది. దానితో పోలిస్తే ఇది ముప్ఫయ్యో వంతు. వేడి కాదు, తట్టడమే ఇక్కడి పని. కణం పై పొరలో ఇంటిగ్రిన్లనే ప్రోటీన్లు కణాన్ని చుట్టూ ఉన్న నారలకు పట్టి ఉంచుతాయి. ఒత్తిడి తగిలితే తెరుచుకునే ద్వారాలు కూడా అక్కడే ఉన్నాయి. వాటిలో పీజో అనే పేరు గల వాటిని 2010లో కనుక్కున్నారు. 2021 నోబెల్ బహుమతిలో సగం అందుకే వచ్చింది. ద్వారం తెరుచుకుంటే కాల్షియం లోపలికి పోతుంది, దానితో కణంలో పనులు మొదలవుతాయి. గిన్నెలో పెంచిన మృదులాస్థి కణాలు, ఎముక కణాలు అతిధ్వని తగిలాక తమ చుట్టూ ఉండే పదార్థాన్ని ఎక్కువగా తయారుచేశాయని ఎన్నో ప్రయోగశాలలు చూపాయి. ఏమీ తేడా లేదని చూపినవీ ఉన్నాయి.

ఎందుకీ తేడా? 15 లక్షల కంపనాల ధ్వనికి నీటిలో తరంగదైర్ఘ్యం సుమారు ఒక మిల్లీమీటరు. కణాలను పెంచే ప్లాస్టిక్ గిన్నె అడుగు కూడా మిల్లీమీటరు కొలతల్లోదే. కింది నుంచి ధ్వని పంపితే ఆ అడుగు మందాన్ని బట్టి కొంత దాటుతుంది, కొంత వెనక్కి పోతుంది. దాటింది పైన గాలి తగిలే చోట మళ్ళీ వెనక్కి తిరుగుతుంది. పోయేదీ వచ్చేదీ కలిసి ఒకచోట గట్టిగా, ఒకచోట సున్నాగా నిలిచిపోతుంది. పోషక ద్రవం కొంచెం ఎక్కువ పోసినా కణానికి అందే మోతాదు మారిపోవచ్చు. యంత్రం మీద 30 అని రాసి ఉంటుంది. కణానికి అందింది ఎంతో కొలవకపోతే ఎవరికీ తెలియదు. పలక మందానికీ సగం తరంగానికీ ఉన్న ఆ లంకెను భగవంతం, భీమసేనాచార్ వేగం కొలవడానికి వాడుకున్నారు. అదే లంకెను లెక్కలోకి తీసుకోకపోతే నేటి ప్రయోగం తప్పుదారి పడుతుంది.

మనుషుల సంగతి కూడా చదివాను. 1983లో బ్రెజిల్‌లో అతకని ఎముకల మీద ఈ పద్ధతి ఫలితాలు ప్రకటించారు. 1994లో అమెరికా ప్రభుత్వం కొన్ని రకాల కొత్త విరుగుళ్ళకు దీన్ని అనుమతించింది, 2000లో అతకని వాటికి కూడా. కాని 2016లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, మోకాలి కింది ఎముక విరిగి లోపల కడ్డీ వేయించుకున్న 501 మందిని తీసుకున్నారు. కొందరికి నిజమైన పెట్టె, కొందరికి ధ్వని రాని ఉత్త పెట్టె ఇచ్చారు. ఎవరిది ఏదో వాళ్ళకు తెలియదు. ఎముక అతకడంలోను, తిరిగి నడవడంలోను రెండు వర్గాలకూ తేడా కనబడలేదు. 2017లో నిపుణుల బృందం ఒకటి దీన్ని వాడవద్దనే సలహా ఇచ్చింది. నాయిన కాలు వంటి, నెలల తరబడి అతకని వాటికి మాత్రం అంత గట్టి పరీక్షలు తక్కువ. బాగుపడ్డవాళ్ళ లెక్కలున్నాయి గాని, ఉత్త పెట్టెతో పోల్చి చూసిన పెద్ద లెక్కలు నాకు దొరకలేదు.

నా జవాబు

2018 శ్రావణంలో ఊరికి పోయి మంచం పక్కన కూచున్న. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. గిన్నెలోని కణాలకు చప్పుడు తగులుతుందనేది నిజం. నీ కాలు దానితో అతుకుతదని మాత్రం ఎవరూ రూఢిగా చూపలేదు. అతకదని కూడా చూపలేదు. ఆపరేషన్ నొప్పి ఎక్కువ, కాని దాని లెక్క పాతది, నమ్మదగ్గది. నాయిన చాలాసేపు ఏమనలేదు. తర్వాత అయితే కొయ్యమను అన్నడు. ఆపరేషనయింది. అయిదారు నెలలకు ఎక్స్‌రేలో ఆ సన్న గీత పోయింది. మళ్ళీ జాతరకు కట్టె పట్టుకుని నడిచి పోయిండు. కొంచెం కుంటుతడు. తుంటి ఎముక తీసిన చోట చలికాలంలో ఇప్పటికీ లాగుతదంటడు. ఆ మాట అన్నప్పుడల్లా, కొన్నాళ్ళు ఆ పెట్టె పెట్టి చూడాల్సిందేమో, కోత తప్పేదేమో అని నాకు గుచ్చుకుంటుంది. దాన్ని తీర్చే అంకె ఇంకా ఎవరి దగ్గరా లేదు.

మిత్రులారా, ఆ అంకె తెచ్చే పని మీదే. మన ప్రయోగశాలల్లో సామాను లేదని మనం తరచు అనుకుంటాం. నిజమే, చాలా చోట్ల లేదు. యుద్ధకాలంలో ఆయన దగ్గరా పెద్దగా లేదు. నీళ్ళలో అతిధ్వని వేగం కొలిచే సాధనం డిగ్రీ కళాశాలల్లో సైతం ఉంటుంది. ప్లాస్టిక్ గిన్నె అడుగున ఎంత ధ్వని దాటుతుందో, పోసిన నీటి ఎత్తు మారితే ఏమవుతుందో చూడడానికి పెద్ద గ్రాంటు అక్కరలేదు. భౌతికశాస్త్రం విద్యార్థి ఒకరు, జీవశాస్త్రం విద్యార్థి ఒకరు కలిసి ఒక వేసవి కూర్చుంటే మొదలుపెట్టవచ్చు. అధ్యాపకులు పెద్ద మనసుతో ఆ రెండు శాఖల తలుపులు తెరిచి పెట్టాలని నా మనవి. వచ్చిన అంకె తప్పే కావచ్చు. ఎట్లా కొలిచారో రాసిపెట్టండి, వెనక వచ్చేవాళ్ళు దిద్దుకుంటారు.

ఇది రాసి మా నాయినకు చదివి వినిపించిన. భగవంతం అన్న పేరు ఆయనకు నచ్చింది. వజ్రం లెక్క తప్పిన చోట మాత్రం మళ్ళొకసారి చదవమన్నడు.